ధర్మచర్చలలో దృష్టాంతలోపం

సుమారు ముప్పై సంవత్సరాల క్రిందట పిఠాపురంలో జరిగిన ఒక పండితసభలో స్త్రీల వేదాధ్యయనాధికారాన్ని గురించి నేను ప్రసంగించాను. సభలో ఉన్న ఒక యువ అధ్యాపకుడు లేచి కొన్ని ప్రశ్నలు వేశాడు. స్మృతివచనాలతోను, మీమాంసాన్యాయాలతోను సమాధానం చెప్పాను. ఆయన ఊరుకున్నాడు. పెద్దలు "సాధు, సాధు" అన్నారు, శాలువ కప్పారు. సభ ముగిసిన తరువాత ఆ యువకుడు నమస్కరించి, "అయ్యా, మీ మాటకు బదులు తోచలేదు. కాని మీరన్నది నిజమని కూడా తోచలేదు" అన్నాడు. ఆనాడు దానిని పిల్లతనమని తలచాను. నేడు అదే మాట ఈ వ్యాసానికి కారణమైనది.

మన వాదాలు నేటివారికి ఎక్కకపోవటానికి మనం సాధారణంగా చెప్పుకొనే కారణాలు మూడు: శ్రద్ధ సన్నగిల్లినది, సంస్కృతజ్ఞానం కొరవడినది, శబ్దప్రామాణ్యం అంగీకరించేవారు తగ్గిపోయారు. ఇవి కొంతవరకు సత్యమే. కాని ఇవే అసలు కారణాలైతే, ప్రమాణాలను సమానంగా అంగీకరించిన ఇరుపక్షాల మధ్య జరిగిన చర్చలైనా నిర్ణయానికి వచ్చి ఉండవలసినది. అట్లు జరగలేదనటానికి మన గోదావరీతీరమే సాక్ష్యం.

స్త్రీపునర్వివాహవివాదం విజ్ఞులకు తెలిసినదే. 1855లో ఈశ్వరచంద్ర విద్యాసాగరులు పరాశరస్మృతి ఆధారంగా వితంతువివాహం శాస్త్రీయమని గ్రంథం ప్రకటించారు. 1856లో శాసనం వచ్చినది. 1879లో కందుకూరి వీరేశలింగం పంతులుగారు రాజమహేంద్రవరంలో ఆ విషయంపై ఉపన్యసించి, 1881 డిసెంబరు 11న తొలి వివాహం జరిపించారు. ఇరుపక్షాలవారికీ పరాశరుడు ప్రమాణమే, పాణిని ప్రమాణమే. అయినా వివాదం ఎక్కడ నిలిచినదో చూడండి.

ఆ స్మృతిశ్లోకంలో "పతౌ" అనే రూపం ఉన్నది. కేవల పతిశబ్దానికి సప్తమిలో "పత్యౌ" అని ఉండవలెను; సమాసంలోనే దానికి ఘిసంజ్ఞ అని అష్టాధ్యాయి ప్రథమాధ్యాయ చతుర్థపాదంలోని ఎనిమిదవ సూత్రం చెప్పుచున్నది. కావున అక్కడ ఉన్నది "అపతౌ" అనే నఞ్‌సమాసమని, ముందున్న పదంతో జరిగిన సంధిలో అకారం కనబడకుండా పోయినదని, అపతి అంటే వాగ్దానం మాత్రమే జరిగి వివాహం కానివాడని నిషేధవాదులు సాధించారు. అది ఆర్షప్రయోగమని విధివాదులు పరిహరించారు. ఆ విధి యుగాంతరవిషయమని మాధవాచార్యుల వ్యాఖ్యను ఒకరు చూపితే, పరాశరస్మృతి కలిధర్మాలకే ప్రవృత్తమైనది కదా అని మరొకరు అడిగారు. ప్రతి యుక్తికీ ప్రతియుక్తి ఉన్నది. ఈ యుక్తులవల్ల పక్షం మార్చుకొన్న పండితులు ఎంతమంది? వివాహానికి తోడ్పడినవారికి మాత్రం వెలి తప్పలేదు.

ఈ వాక్యార్థాన్ని నేను పాఠశాలలో పద్దెనిమిదవ ఏట నేర్చాను. సెలవులకు ఇంటికి వచ్చి వీధి అరుగుమీద కూర్చుండి గట్టిగా వల్లె వేస్తున్నాను. మా మేనత్తగారు ప్రక్కనే దీపారాధనకు వత్తులు చేస్తున్నారు. తొమ్మిదవ ఏట భర్తను కోల్పోయి, జీవితమంతా మా ఇంటనే గడిపినవారు ఆమె.

"ఏమిరా అబ్బాయీ, ఆ అకారం ఉంటే ఏమవుతుంది?" అని అడిగారు.

"మాట ఇచ్చిన వరుడు పోతేనే పిల్లను మరొకరికి ఇవ్వవచ్చునని తేలుతుంది అత్తయ్యా."

"లేకపోతే?"

"పెళ్లి అయిన తరువాత పోయినా ఇవ్వవచ్చునని తేలుతుంది."

ఆమె కొంచెంసేపు ఊరుకుని, "నా సంగతి ఆ అకారం మీద పెట్టారన్నమాట" అని మళ్లీ వత్తులు చేసుకొన్నారు. సభలో ఎవరికైనా చెప్పగల సమాధానం నా వద్ద ఉన్నది. ఆమెకు చెప్పగలది లేదు.

లోపం మన శాస్త్రంలో ఉన్నదా అంటే, లేదని నా దృఢవిశ్వాసం. శాస్త్రం చెప్పినదానిని మనమే సగం విడిచిపెట్టినాము. గౌతముడు సిద్ధాంతాలను నాలుగు విధాలుగా విభజించాడు. అందరూ అంగీకరించేది సర్వతంత్రం. ఒక దర్శనానికి మాత్రమే సమ్మతమైనది ప్రతితంత్రం. మనం ప్రతితంత్రసిద్ధాంతాన్ని సర్వతంత్రమని భావించి మొదలుపెట్టుచున్నాము. పిఠాపురం వంటి ఊరిలో ఇది ఎంత పొరపాటో వేరే చెప్పనక్కరలేదు. కుక్కుటేశ్వరుడు, పురుహూతికాదేవి, శ్రీపాద శ్రీవల్లభుల క్షేత్రమిది. సూర్యరాయాంధ్ర నిఘంటువును పోషించిన మహారాజావారి గురువు బ్రహ్మసామాజికులైన రఘుపతి వేంకటరత్నం నాయుడుగారు. తెలుగు కవిగా ప్రసిద్ధులైన ఉమర్ ఆలీషా (1885–1945) ఇక్కడివారే. ఇట్టి శ్రోతలముందు "ఇది స్మృతివచనం" అనటంతో వాదం ముగియదు, అక్కడే మొదలవుతుంది.

భిన్నసిద్ధాంతుల నడుమ వంతెన ఏది? దృష్టాంతం. లౌకికునికి, పరీక్షకునికి ఏ విషయంలో బుద్ధి సమానమో అది దృష్టాంతమని న్యాయసూత్రలక్షణం. పండితునితోపాటు పామరుని అంగీకారాన్ని కూడా లక్షణంలోనే చేర్చిన గౌతముని ఔదార్యం గమనింపదగినది. పరార్థానుమానానికి పంచావయవాలు చెప్పి, మూడవదిగా ఉదాహరణను నిలిపినది కూడా ఇందుకే. మన ధర్మచర్చలలో ప్రతిజ్ఞ ఉంటుంది, హేతుస్థానంలో వచనం ఉంటుంది, ఉదాహరణ ఉండదు. ఆనాటి వివాదంలో దృష్టాంతం ప్రతి అగ్రహారంలోను, తరచు వాదించువారి ఇంటిలోనే ఉన్నది. దానిని ఇరుపక్షాల పండితులూ సభలోకి రానీయలేదు. పంతులుగారు కూడ వచనాలు చూపినవారే. కాని పునర్వివాహం చేసుకొని కాపురం చేయుచున్న దంపతులను లోకానికి చూపిన తరువాతనే వారి పక్షానికి బలం వచ్చినది. ఆయన జీవితకాలంలో జరిపించిన వివాహాలు పదుల సంఖ్యలోనివే. అయినా ఆ కొద్దిపాటి కాపురాలు, నిలిచి చూడదగిన ఉదాహరణలైనవి.

ఇక్కడ ఒక ఆక్షేపం రావచ్చును. వేదం స్వతఃప్రమాణం కదా, దానికి దృష్టాంతాపేక్ష ఏమిటి అని. తన నిశ్చయానికి అక్కరలేదు. పరునికి చెప్పబూనినప్పుడు కావలెను. వేదప్రామాణ్యంలో కుమారిలభట్టుకంటె దృఢులు ఎవరు? బౌద్ధులతో వాదించవలసి వచ్చినప్పుడు శ్లోకవార్తికంలో ఆయన యుక్తిని ఎంత విస్తరించాడో అధ్యాపకులకు తెలియును. శ్రోతకు నచ్చునట్లు శాస్త్రార్థాన్ని వంచవలెనని నా అభిప్రాయం కాదు. మన నిర్ణయం కఠినమైనదే అయితే, అది ఎవరిమీద పడుచున్నదో వారి ముఖం చూచి చెప్పగలగవలెనని మాత్రమే.

జల్పవితండలు కూడా తత్త్వరక్షణకే అని, మొలకకు ముళ్లకంప వంటివని గౌతముడు అన్నాడు. ఇరవైరెండు నిగ్రహస్థానాలను మనం విద్యార్థులచేత కంఠస్థం చేయిస్తున్నాము. కంచె కట్టటం నేర్పుచున్నాము. మొలకకు నీరు పోయటం నేర్పటం లేదు.

కావున ప్రాచ్యకళాశాలల అధ్యాపకులకు రెండు విషయాలు మనవి చేయుచున్నాను. వాక్యార్థసభలలో విద్యార్థి ముందుగా పూర్వపక్షాన్ని, ఆ పక్షంవాడే విని "ఇది నా మాటే" అనునట్లు చెప్పవలెను. చార్వాకమతంతో మొదలుపెట్టి ఒక్కొక్క దర్శనాన్ని దాని పక్షాననే నిలిచి వివరించిన సర్వదర్శనసంగ్రహం ఇందుకు మార్గదర్శకం. రెండవది, ధర్మవిషయమైన ప్రతి వాక్యార్థంలోను ఉదాహరణావయవం తప్పనిసరి కావలెను; అది గ్రంథంనుంచి గాక లోకంనుంచి తేవలెను.

ఆ యువ అధ్యాపకుని నేను ఆనాడు అడగవలసిన ప్రశ్న ఒకటి ఉన్నది: "నాయనా, ఈ సందేహం నీకు ఎవరిని చూచి కలిగినది?" అడగలేదు. ఆయన తరువాత మన సభలకు రాలేదు. ఓడినవాడు తిరిగి రాని సభలో గెలిచినది ఎవరో విజ్ఞులే నిర్ణయింతురు గాక.