తోటలో ఇద్దరి చెయ్యీ పడితేనే ప్రకృతి సేద్యం నిలబడుద్ది



ఈమధ్య ఫోన్లలో ఒక రకం వీడియోలు బాగా తిరుగుతున్నాయి. ఎక్కడో సముద్రం మధ్య దీవి, కొబ్బరిచెట్ల కింద చిన్న ఇల్లు, అందులో ఆలుమగలిద్దరే. పొద్దున్నే దుంపలు తవ్వుతారు, కొబ్బరి కోరుతారు, కట్టెల పొయ్యి మీద వండుకుని తింటారు. చూసినవాళ్లంతా "బతికితే ఇలా బతకాలి" అంటారు.

అంత దూరం ఎందుకు, మా ఉద్దానం కూడా అలాగే ఉంటది. కవిటి, కంచిలి, సోంపేట, మందస, వజ్రపుకొత్తూరు ఏ పక్కకెళ్లినా ఒకవైపు బంగాళాఖాతం, ఇంకోవైపు కొండలు, నడుమ కొబ్బరి, జీడిమామిడి, పనస. మా ప్రకృతి సేద్యం వీడియోల్లోనూ ఈ అందమే కనిపిస్తది. అందులో అబద్ధమేమీ లేదు. కానీ ఆ అందం వెనక చాకిరీ ఎవరిదన్న లెక్క మాత్రం ఏ వీడియోలోనూ చెప్పరు. ప్రకృతి సేద్యం ఓ ఇంట్లో నిలబడటం, రెండేళ్లకే ఆగిపోవడం ఆ లెక్క మీదే ఉంటదని నా నమ్మకం.

జీవామృతమే తీసుకోండి. ఎకరానికి ఒక విడతకు 200 లీటర్ల నీళ్లు, 10 కిలోల పేడ, 5 నుంచి 10 లీటర్ల ఆవు మూత్రం, 2 కిలోల బెల్లం, 2 కిలోల పప్పుల పిండి, గుప్పెడు గట్టు మట్టి. నీడలో పెట్టి, పూటకోసారి కలుపుతూ రెండు రోజులుంచాలి. పాఠం ఇంతే, మనందరికీ నోటికొచ్చు. ఇప్పుడు నీళ్లు మొయ్యడం లెక్కెయ్యండి. రెండెకరాలకి, నెలకి రెండు విడతలంటే 800 లీటర్లు. 15 లీటర్ల బిందెతో అయితే యాభైకి పైగా బిందెలు. కలిపిన తరవాత మళ్లీ అదంతా చెట్ల మొదళ్లకి చేర్చాలి. ఇది కాక రోజూ పేడ ఎత్తాలి, తెల్లవారకముందే మూత్రం పట్టాలి, పిండి దంచాలి, మట్టలు నరికి ఆచ్ఛాదన పరవాలి.

యూరియా బస్తా అయితే షాపులో కొని బండి మీద తెచ్చి ఒక పూటలో చల్లేస్తారు. ఆ ఖర్చు మానేశాం, మంచిదే. కానీ షాపులో మిగిలిన డబ్బు ఇంట్లో చాకిరీగా మారింది. ఆ చాకిరీలో ఎక్కువ భాగం ఆడవాళ్ల చేతికే వచ్చింది, ఎందుకంటే ఆవుల సాల, నీళ్లు, పెరడు మొదట్నుంచీ మా పనులే. కెమెరా వచ్చేసరికి మాత్రం తువ్వాలు భుజాన వేసుకుని ఆయన ముందు నిలబడతాడు, ఆవిడ వెనకాల డ్రమ్ము తిప్పుతుంటది.

"మగవాళ్లు చెట్టెక్కడం లేదా, కాయలు బండికెత్తడం లేదా?" అని అడుగుతారు. నిజమే, ఎవరి పని వాళ్లకుంది, అది నేను కాదనను. అయితే కొబ్బరి దింపు రోజూ ఉండదు, ఆవు పేడ రోజూ ఉంటది. అప్పుడప్పుడూ చేసే పనికి డబ్బూ పేరూ వస్తన్నాయి, రోజూ చేసే పనికి రెండూ రావడం లేదు.

దీని విలువేంటో తిత్లీ చూపించింది. 2018 అక్టోబరు 11న తెల్లవారుజామున ఆ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. తాతల నాటి కొబ్బరి, జీడి ఒక్క పూటలో నేలకూలాయి. నాటు కొబ్బరి పెడితే కాపుకొచ్చేసరికి ఐదారేళ్లు పడుతుంది. అప్పటిదాకా తినేదేంటి? మా ఇంట్లో మొదట చేతికొచ్చింది పెరట్లో ఆకుకూరలు, తరవాత బొప్పాయి, అరటి, కంద. ఐదంతస్తుల తోట అని శిక్షణల్లో చెప్పేది ఇదే. పెద్ద చెట్టు పోయినా కింద అంతస్తు ఇంటిని మోసింది. ఆ కింద అంతస్తును పెంచేది ఎక్కువగా ఆడవాళ్లే. కానీ తోట రాబడి ఎంత అంటే మనం కొబ్బరికాయల లెక్కే చెప్తాం.

2016 నుంచి రైతు సాధికార సంస్థ ఈ సేద్యాన్ని మహిళా సంఘాల ద్వారానే ఊరూరికీ తెచ్చింది. శిక్షణ మా దాకా వచ్చింది, సంతోషం. ఏ పంట వెయ్యాలి, ఎవరికి అమ్మాలి, వచ్చిన డబ్బు దేనికి పెట్టాలి అన్న మాట మాత్రం చాలా ఇళ్లలో మా దాకా రాలేదు.

ఇంకో మాట. ఉద్దానంలో కిడ్నీ జబ్బు ఎన్ని ఇళ్లను కూల్చిందో అందరికీ తెలుసు. దానికి అసలు కారణం ఇదీ అని ఇంకా తేల్చలేదు. కాబట్టి మన పంట తింటే ఆ జబ్బు పోతుందని ఎవరూ చెప్పి అమ్మొద్దు, మన మీద నమ్మకం పోతుంది. మనం చేయగలిగింది ఒకటుంది. ఎండలో ఒక్క మనిషే మధ్యాహ్నం దాకా వంగి పని చెయ్యకుండా, ఇద్దరూ పంచుకుని పది గంటలకల్లా నీడకి చేరుకోవచ్చు.

పంచుకోవడమంటే పెద్ద పెద్ద మాటలక్కర్లేదు. జీవామృతం డ్రమ్ము మోటారు దగ్గర పెట్టి గొట్టం బిగించండి, సగం బిందెలు తగ్గుతాయి. సాలలో గచ్చు కొంచెం వాలుగా పోసి చివర కుండీ కట్టండి, మూత్రం దానికదే చేరుతుంది. పేడ ఎత్తడం ఒక రోజు ఆయన, ఒక రోజు ఆవిడ. పెరటి కూరగాయల డబ్బు ఆవిడ చేతిలోనే ఉండాలి. ఒక్క వారం పాటు ఎవరు ఎన్ని గంటలు పని చేశారో గోడ మీద క్యాలెండర్లో రాయండి. వారం తరవాత ఇద్దరూ కలిసి చూసుకోండి.

వీడియోలు తీసే తమ్ముళ్లకి ఒక విన్నపం. ఎకరాకి దిగుబడెంత, ఖర్చెంత అని అడిగినట్టే, "రోజుకి ఎన్ని గంటల పని, అందులో ఎవరివి ఎన్ని?" అని ఇద్దర్నీ పక్కపక్కన కూర్చోబెట్టి అడగండి. కొత్తగా ఈ సేద్యంలోకి వచ్చే పిల్లలకి దీవి బతుకు కల కంటే ఆ జవాబే ఎక్కువ పనికొస్తది.