రకం మారిస్తే రోగం పోతుందా?

మొన్న ఆఫీసులో లంచ్ టేబుల్ దగ్గర ఒకాయన తేల్చిపారేశాడు: "చెరకుకి ఎర్రకుళ్ళా? తట్టుకునే జీన్ ఉన్న రకం వదిలితే ఖేల్ ఖతం!" మాది పోచంపాడ్. బోధన్ వైపు మా మామయ్యోళ్ళు చెరకు వేసేవాళ్ళు. నాకు మింగుడుపడలేదు.

చెరకుని ముచ్చెలతో నాటుతారు. అంటే పొలమంతా ఒకే మొక్కకి కాపీలు. 2009లో విడుదలైన కో 0238 సంగతే చూడండి. దిగుబడీ, రికవరీ రెండూ బాగున్నాయని ఉత్తరప్రదేశ్‌లో రైతులూ మిల్లులూ దాని మీదే పడ్డారు. శిలీంధ్రం కొత్త రూపం తెచ్చుకుంది, తోటలు ఎండిపోయాయి. అన్ని సర్వర్లలో ఒకే వెర్షన్ పెట్టి, ఒక్క హోల్ దొరికాక లబోదిబోమన్నట్టు (మనం చెయ్యలేదా ఏంటి!). తెగులు ఉండేది గడ లోపల, పైన మందు కొట్టి లాభం లేదు.

బ్రీడింగ్ వద్దనట్లేదు బాబూ. కోయంబత్తూరు కేంద్రం 1912 నుంచీ చేస్తున్నది అదే, మన రుద్రూర్‌లోనూ చెరకు పరిశోధన ఉంది. ఆపొద్దంటున్నా. ఒక రకం రిలీజైన రోజే తర్వాతది మొదలవ్వాలి, ఊళ్ళో నాలుగు రకాలుండాలి.

బోధన్ ఫ్యాక్టరీ 2015 డిసెంబర్‌లో మూతపడింది. తెరిపిస్తామన్న మాటలు చాలాసార్లు విన్నాం. నిజంగా తెరిచే రోజొస్తే నేను మొదట అడిగేది ఒకటే: రైతుకిచ్చే ముచ్చెలు ఎన్ని రకాలవి, వాటిని చీల్చి చూసిందెవరు?