విడువరాని గుఱ్ఱం

సుమతీ శతకం వల్లెవేయని తెలుగు విద్యార్థి అరుదు. నమ్ముకున్నవానికి పనికిరాని చుట్టాన్నీ, దైవాన్నీ, గుఱ్ఱాన్నీ ఒక్క వరుసన నిలిపి, మూడింటినీ ఆలస్యం చేయక వదలుకొమ్మని అందులో ఒక పద్యం హితవు చెబుతుంది. చుట్టానికి వేరే ఇల్లు ఉంటుంది. దైవానికి గుడి ఉంటుంది. వదలుకొన్న గుఱ్ఱానికి ఏముంటుంది? పద్యాన్ని కంఠస్థం చేయించే తరగతి గదిలో ఈ ప్రశ్న పుట్టడం లేదు. పుట్టవలసి ఉన్నది.

గుఱ్ఱం మొదటినుంచీ రాజుల సొత్తు. అజ్ఞాతవాసంలో నకులుడు దామగ్రంథియై విరాటరాజు గుఱ్ఱాలను కాచిన కథ విద్యార్థులకు తెలిసినదే. ధనాగారం ఉన్న రాజుకే అశ్వపోషణకు అంతటి నేర్పరి కావలసివచ్చింది. రాజ్యాలు పోయిన తరువాత గుఱ్ఱం జట్కాకు దిగింది. రిక్షా, బస్సు, ఆటో వచ్చి జట్కాను కూడా తొలగించాయి. దేశంలో 2012 పశుగణన నాటికి ఆరు లక్షలకు పైగా ఉన్న గుఱ్ఱాలు 2019 నాటికి సుమారు 3 లక్షల 40 వేలకు తగ్గాయి. పని పోయినంత వేగంగా ప్రాణం పోదు. ఈ రెంటికీ నడుమ మిగిలిన కాలమే యజమానికి సంకటం.

కోనసీమ ముఖద్వారమైన రావులపాలెం వంటి చోట ఆ సంకటం మరింత స్పష్టం. అరటి గెలలతో లారీలు కదిలే ఊరు అది. చుట్టూ వరిచేలు, కొబ్బరితోటలు. గుఱ్ఱాన్ని విడిచి మేపడానికి బయలు లేదు. గోదావరి కాలువల సీమలో గుఱ్ఱపుడెక్క అంటే నీటిమీద అల్లుకొనే కలుపు మొక్కే. అసలు డెక్కను చూచిన పిల్లలు తక్కువ. డెల్టా గ్రామాలలో అశ్వారూఢుడైన కాటన్ దొర విగ్రహాలు కనిపిస్తాయి. ఆ గుఱ్ఱానికి ఏటికొక పూలదండ చాలు. ప్రాణమున్న గుఱ్ఱానికి చాలదు.

అటువంటి ఊరిలో ఒక సామాన్యుడు, పెళ్లి ఊరేగింపులకు అద్దెకివ్వవచ్చునని అప్పుచేసి ఒక గుఱ్ఱాన్ని తెచ్చుకొన్నాడనుకుందాం. ముహూర్తాలున్న నెలలలో నాలుగు రూకలు వస్తాయి. ఆషాఢం, భాద్రపదం, పుష్యం వస్తే రాబడి నిలిచిపోతుంది. గుఱ్ఱానికి శూన్యమాసం తెలియదు. దాని ఆకలికి అన్ని మాసాలూ ఒక్కటే. అది గేదెవలె నెమరువేసే జంతువు కాదు. పొట్ట చిన్నది, రోజంతా కొద్దికొద్దిగా మేయాలి. ఒట్టి వరిగడ్డి వేసి ఊరుకొంటే సత్తువ రాదు. కడుపునొప్పి ముదిరితే ప్రాణాపాయం. కక్కి తేరుకొనే వీలు కూడా ప్రకృతి దానికి ఇవ్వలేదు. ఆరు నుంచి ఎనిమిది వారాలకొకమారు డెక్కలు చెక్కించాలి. నేల ఎప్పుడూ చెమ్మగా ఉంటే అవి కుళ్లుతాయి. గుఱ్ఱం గుడ్డిదైనా దాణా తప్పదన్న సామెత ఊరికే పుట్టలేదు.

అది కుంటిదైతే యజమానికి మిగిలే దారులేవి? అమ్ముదామంటే, చౌకగా కొనేవాడు మోయగలిగినన్నాళ్లు మోయించడానికే కొంటాడు. ఆవుకు గోశాల ఉన్నది. అశ్వశాల అన్న మాట పురాణాలలో తప్ప వినరాదు. ఇక మిగిలినది రాత్రివేళ జాతీయ రహదారి పక్కన విడిచి రావడం. అది గుఱ్ఱానికీ, ఎదురుగా వచ్చే వాహనానికీ కూడా మృత్యువే.

రాజ్యసభ సభ్యురాలు రుక్మిణీదేవి అరండేల్ కృషి ఫలితంగా 1960లో వచ్చిన జంతుహింసా నివారణ చట్టం, ఆకలిదప్పులకు గురయ్యేటట్లు జంతువును విడిచిపెట్టడం నేరమన్నది. మొదటి నేరానికి ఆ చట్టం విధించిన జుల్మానా పది నుంచి యాభై రూపాయలు. ఒక్కపూట దాణా ఖరీదు పెట్టి దాన్ని వదిలించుకోవచ్చునన్నమాట! చట్టం తలుపు మూసింది కాని గడియ పెట్టలేదు.

తన బిడ్డలకే కూడు చాలనివాడు గుఱ్ఱాన్ని ఎట్లా మేపుతాడని కొందరు అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. అయితే అది కొనేనాడు వేసుకోవలసిన ప్రశ్న. కొన్న తరువాత మేపలేనివాడు దాని వయసూ లోపమూ దాచకుండా చెప్పి, పోషించగలవానికి అప్పగించడం అవమానం కాదు. మానని బాధతో ఉన్నదానికి పశువైద్యుని చేత బాధలేని ముగింపు కల్పించడం కూడా, రోడ్డున వదలడం కంటె దయగల పని. దాని వీపుమీద ఊరేగిన వరుని ఇంటికీ, అద్దె పుచ్చుకొన్న మేళానికీ కూడా ఈ ఋణంలో భాగమున్నది. ప్రతి అద్దెలోనూ కొంత దాని ముసలితనానికై తీసి ఉంచడం ఆచారం కావాలి. సుఖాన్ని పదిమంది పంచుకొని, భారాన్ని ఒక్క పేదవానిపైన మోపడం ధర్మం కాదు.

బడులలో గుఱ్ఱం మీద వ్యాసం వ్రాయిస్తారు. అది మనుష్యునికి ఎన్ని విధాల ఉపకరిస్తుందో పిల్లలు వరుసగా వ్రాస్తారు. గుఱ్ఱానికి మనుష్యుడు ఏమి చేయవలెనో ఎవరూ అడగరు. ఉపాధ్యాయులు దీన్ని లెక్కల గంటలోకి తీసుకుపోవచ్చు. మూడు వందల కిలోల గుఱ్ఱానికి రోజుకు 6 కిలోల ఎండుమేత చొప్పున ఏడాదికి 2,190 కిలోలు. 25 ఏళ్లకు ఎంత? ఈ లెక్క కట్టిన విద్యార్థి రేపు గుఱ్ఱాన్నే కాదు, ముద్దు వచ్చిందని కుక్కపిల్లను తెచ్చుకొనేటప్పుడు కూడా ఒక్క క్షణం ఆగుతాడు. శతకకారుని పద్యం బడిలో నిలవవలసినదే. దాని పక్కనే ఈ లెక్క కూడా నల్లబల్లమీద ఉండాలి.