కొత్త పనికీ కూలి కట్టాలి

మదనపల్లె నీరుగట్టువారిపల్లెలో పట్టుచీర నేసే కార్మికులలో అధిక సంఖ్యాకులకు చీరల లెక్కన కూలి ముడుతుంది. పడుగు, పేక, జరీ యజమాని ఇస్తాడు. చీర దిగితేనే డబ్బు. ఈ పద్ధతిలో పని చురుకుగా సాగుతుంది, లెక్క సులువుగా తేలుతుంది. కానీ ఇందులో ఒక లోపం ఉంది. కొత్త డిజైను మగ్గానికి ఎక్కిన రోజున అది బయటపడుతుంది.

కొత్త డిజైను అంటే జాకార్డుకు కొత్త అట్టలు కొట్టించాలి. దారాలన్నీ సరిచూసుకోవాలి. అంచు ఒకచోట బిగుస్తుంది, బుటా మరొకచోట చెదురుతుంది. విప్పి మళ్లీ కట్టాలి. చేయి అలవాటు పడేదాకా మొదటి చీర ఆలస్యం కాక తప్పదు. ఆ రోజులకు విడిగా కూలి కట్టనిచోట భారమంతా నేతగాని మీదనే పడుతుంది. అప్పుడతను పాత డిజైనే మేలనుకుంటే అది సోమరితనం కాదు, ఇంటి లెక్క.

మార్కెట్టు మాత్రం పాత చీరను అడగడం లేదు. ఈ ఏడాది అమ్ముడైన అంచును మరుసటి ఏడాదికి మరమగ్గం అనుకరిస్తుంది. అంచు చీర వంటి రకాలను చేనేతకే కేటాయిస్తూ 1985లో పార్లమెంటు చట్టం చేసింది. చట్టం అండగా ఉండవచ్చు గాని, కొనేవారి మనసు గెలవవలసింది నేతలోని నాణ్యత, కొత్తదనమే. ఎక్కువ పని కావాలి, కొత్త ఆలోచనా కావాలి అని కోరని యజమాని లేడు. పొరపాటు జరిగితే కూలి కోస్తామనే యజమానులకూ కొదువ లేదు. ఈ రెండు మాటలూ ఒకే చూరు కింద ఇమడవు.

ఇది మగ్గానికి మాత్రమే పరిమితమైన సమస్య కాదు. పాఠశాల అయినా, పాడి కేంద్రమైనా, ప్రభుత్వ కార్యాలయమైనా నలుగురు కలిసి పని చేసే ప్రతి చోటా ఇదే చిక్కు ఎదురవుతుంది. దీనికి పరిష్కారం వెదకడానికి దూరదేశాలకు పోనక్కరలేదు. మదనపల్లెకు దగ్గరలోని రిషివ్యాలీ చుట్టుపక్కల పల్లెల్లో నడిచిన చిన్న బడులే ఒక దారి చూపాయి.

ఆ బడుల్లో ఒకే గదిలో, ఒకే ఉపాధ్యాయుడు అనేక తరగతుల పిల్లలకు చదువు చెప్పాలి. అందుకోసం పాఠాలను చిన్న చిన్న మెట్లుగా విడగొట్టి కార్డులుగా తయారు చేశారు. ఏ మెట్టు తరువాత ఏ మెట్టు ఎక్కాలో ఒక నిచ్చెన పటం చూపుతుంది. ప్రతి బిడ్డా తన వేగంతో పైకి పోతాడు. పల్లె పాటలు, కథలు, ఆటలు పాఠాల్లో చేరాయి. కార్డుల తయారీలో ఉపాధ్యాయులకూ చేయి ఉంది. 1995లో కర్ణాటకలోని హెగ్గడదేవనకోట తాలూకా ఉపాధ్యాయులు ఇక్కడికి వచ్చి చూసి వెళ్లారు. అక్కడ మొదలైన 'నలి-కలి' బోధనకు ఇదే ప్రేరణ. 2003 నుంచి చెన్నై కార్పొరేషన్ బడుల్లో వచ్చిన మార్పుకూ మూలం ఇక్కడే ఉంది.

ఇందులో గమనించవలసిన విషయం ఒకటుంది. బిడ్డ ఏమి నేర్వాలి, ఏ వరుసలో నేర్వాలి అన్నది గట్టిగా నిర్ణయించారు. ఎలా నేర్పాలి అన్నచోట ఉపాధ్యాయునికి వెసులుబాటు ఇచ్చారు. మారకూడనిదేదో, మార్చదగినదేదో ముందే తేల్చుకున్న చోట క్రమశిక్షణకూ కొత్తదనానికీ పేచీ రాదు. అయితే కార్డులు పంపిణీ చేయడం సులభం, వాటిని మార్చుకునే స్వేచ్ఛను పంపిణీ చేయడం కష్టం. పైనుంచి వచ్చిన ఉత్తర్వుతోనే మార్పు వస్తుందని నమ్మే అధికారులు ఈ సంగతి మరవరాదు.

పుంగనూరు, కుప్పం ప్రాంతాల మల్బరీ రైతులకు మరో సంగతి అనుభవంలో ఉంది. పట్టుపురుగు గూడు కట్టేలోగా నాలుగుసార్లు పొర విడుస్తుంది. దీనినే రైతులు జ్వరం అంటారు. మొదటి రెండు జ్వరాల దాకా పురుగు పసికందు వంటిది. గదిలో వేడి, తేమ ఏమాత్రం తప్పినా పంట దక్కదు. చాకీ కేంద్రాలు ఆ లేత పురుగులను పెంచి, రెండో జ్వరం దాటాక రైతుకు అప్పగిస్తాయి. అత్యంత ప్రమాదకరమైన వారం పది రోజుల భారం రైతు తల మీది నుంచి దిగిపోతుంది. నాణ్యమైన పట్టునిచ్చే బైవోల్టిన్ రకాన్ని పెంచడానికి రైతుకు ధైర్యం చిక్కాలంటే ఇటువంటి ఆసరా అవసరం. ధైర్యం చెప్పే ఉపన్యాసం కన్న నష్టంలో పాలు పంచుకునే ఏర్పాటు మేలు.

కుప్పంలో 2002లో హ్యూలెట్ ప్యాకర్డ్ కంపెనీ, రాష్ట్ర ప్రభుత్వం కలిసి మూడేళ్ల ప్రయోగం ఒకటి చేపట్టాయి. అందులో భాగంగా పొదుపు సంఘాల మహిళలు కొందరు డిజిటల్ కెమెరా, ప్రింటరు పట్టుకుని ఊరూరా ఫొటోలు తీసి, అక్కడికక్కడే చేతికిచ్చి సంపాదించారు. కరెంటు అందని చోట పని ఆగకుండా సౌరశక్తితో నడిచే ఏర్పాటు చేశారు. పరికరానికి తగినట్టు పల్లె మారాలనకుండా, పల్లెకు తగినట్టు పరికరాన్ని మలచడమే అందులోని తెలివి. పని ఎక్కడ చిక్కుపడుతుందో అందరికన్న ముందు తెలిసేది పని చేసే మనిషికే.

ఆ మనిషి నోరు విప్పాలంటే భయం పోవాలి. జపాన్‌కు చెందిన సకిచి టొయోడా మగ్గాల మనిషి. దారం తెగితే తనంతట తానే ఆగిపోయే మగ్గాన్ని ఆయన తయారు చేశాడు. 1924లో వచ్చిన ఆయన మరమగ్గం ప్రపంచ ప్రసిద్ధి పొందింది. ఆయన కుమారుడు 1937లో స్థాపించిన కంపెనీయే నేటి టొయోటా. బెంగళూరు దాపున బిడదిలో 1999 నుంచి కార్లు తయారవుతున్నది ఆ కంపెనీ ఫ్యాక్టరీలోనే. మగ్గం నేర్పిన నీతినే ఆ కంపెనీ మనుషులకూ వర్తింపజేసింది. తప్పు కనిపిస్తే ఏ కార్మికుడైనా తాడు లాగి పని ఆపించవచ్చు. కార్మికులు సలహాలు చెప్పే పద్ధతిని 1951లో ప్రవేశపెట్టింది. తెగిన దారాన్ని దాచి నేస్తే బట్ట పాడవుతుంది. తప్పును దాచే చోట పనీ అలాగే పాడవుతుంది.

యజమానుల మాటలోనూ న్యాయం లేకపోలేదు. పట్టు ధర నిలకడగా ఉండదు. సరుకు అరువు మీద తెచ్చుకోవాలి. పాడైన చీరను సగం ధరకు అమ్ముకోవాలి. ప్రయోగం పేరిట ప్రతి మగ్గం ఆగిపోతే అంగడికి సరుకెక్కడిది? అందుకే ప్రయోగానికి ఒక హద్దు పెట్టుకోవాలి. పది మగ్గాలలో ఒకదానిని కొత్త డిజైనుకు కేటాయించవచ్చు. ఆ మగ్గం మీది మొదటి చీరకు రోజుకూలి కట్టాలి. కుదిరిన డిజైను అమ్మకం మీద నేసినవానికి కొంత వాటా ఇవ్వాలి. కుదరకపోతే ఎందుకు కుదరలేదో పదిమందిలో మాట్లాడుకోవాలి, కూలిలో కోత పెట్టరాదు. మిగిలిన తొమ్మిది మగ్గాలు పద్ధతిగా నడిస్తేనే ఈ ఒక్కదాని ఖర్చు భరించడం సాధ్యం. కనుక కొత్తదనం కోరే కార్మికునికి పాత పనిలో శ్రద్ధ ఉండితీరాలి.

సహకార సంఘాలు ఇందుకు ముందు నిలవాలి. ఒక్కొక్క యజమాని భరించలేని నష్టాన్ని సంఘం భరించగలదు. చేనేత శాఖ తన సహాయంలో కొంత భాగాన్ని ఈ మొదటి చీర కూలి కింద లెక్కకట్టి ఇచ్చే విషయం ఆలోచించాలి.

కుప్పం రైలెక్కి రోజూ బెంగళూరుకు పనికి పోయే యువకులు ఎందరో ఉన్నారు. వారిని పిలిచి నిలబెట్టేది కూలి ఒక్కటే కాదు. తన చేతికే కాదు, తన ఆలోచనకూ విలువ ఉందని తెలిసిన చోట మనిషి నిలుస్తాడు. నేతగాని కొడుకు మగ్గం గుంటలో కాలు పెట్టాలో, రైలు మెట్టు మీద కాలు పెట్టాలో నిర్ణయించేది చివరకు ఈ లెక్కే. యజమానులు, సంఘాలు, అధికారులు ఆలస్యం చేయకుండా ఆ లెక్కను సరిచేయాలి.