ఒక రాత్రి ఉండి వెళ్లండి

ఈమధ్య మా బంధువులం ఫంక్షన్ హాళ్లలోనే కలుస్తున్నాం. పెళ్లికొడుకు, పెళ్లికూతుళ్ల మీద నాలుగు అక్షింతలు వేసి, ప్లేటు పట్టుకుని నిలబడే ఒకరి మోకాళ్ల నొప్పుల గురించి ఒకరం అడిగి, గ్రూప్ ఫొటో దిగి, చీకటి పడకముందే కార్లెక్కేస్తాం. అందరినీ చూశామన్న తృప్తి ఉంటుంది గానీ, ఎవరితోనూ మాట్లాడి ఉండం.

చుట్టాలింటికి వెళ్తే ఒక రాత్రైనా నిద్ర చేయాలని నేను గట్టిగా నమ్ముతున్నాను. పగలంతా పెద్దవాళ్లకు కాఫీలు, టిఫిన్లు, మర్యాదలతోనే సరిపోతుంది. వంటిల్లు సర్దేసి పక్కల మీదికి చేరాక గానీ వాళ్లకు పాత సంగతులు నోటికి రావు.

మా మేనత్తది దివిసీమలో నాగాయలంక దగ్గర పల్లె. విజయవాడ నుంచి పొద్దున వెళ్లి సాయంత్రానికి వచ్చేసేవాళ్లం. ఉప్పెన గురించి అడిగితే "అందరికీ అయ్యిందే మాకూ అయ్యిందమ్మా" అని తేల్చేసేది. పోయిన వేసవిలో మా అమ్మాయి ఉంటానని పట్టుబట్టడంతో నేనూ ఆగాను. డాబా మీద పడుకున్నాక అది అడిగింది ఉప్పెన గురించి కాదు. "అమ్మమ్మా, నీ పెళ్లి ఫొటో ఒక్కటీ లేదేం?" అంది.

అత్త అక్కడ మొదలుపెట్టింది. 1977 నవంబరు 19, శనివారం. ఆమెకు పెళ్లై ఏడాది తిరగలేదు. వరి కోతకొచ్చి ఉంది. గాలికి ఇంటి కప్పు లేచిపోయింది. నీళ్లు నల్లటి గోడలా వచ్చాయట. మామయ్య ఆమెను తుమ్మచెట్టు మీదికి తోసి, చీరకొంగుతో కొమ్మకు కట్టాడు. తెల్లారి దిగేసరికి ముళ్లకు ఒళ్లంతా చీరుకుపోయింది. పెళ్లినాటి ట్రంకుపెట్టె పోయింది, అందులోని ఫొటోలు పోయాయి, అత్తగారూ పోయారు.

"ఆవిడ మొహం మీరెవరూ చూళ్లేదు కదే" అంటూ పోలికలు చెప్పింది. నవ్వితే ఎడమ బుగ్గ మీద సొట్ట పడేదట. కోపమొస్తే మాట మానేసి పెరట్లో చీపురు పట్టేదట. మా అత్త చేతి మామిడికాయ మెత్తళ్ల పులుసు మేమంతా లొట్టలేసుకుంటూ తింటాం. అది ఆవిడ నేర్పిన వంటని నాకు ఆ రాత్రే తెలిసింది.

ఆ ఉప్పెనలో చనిపోయినవారు అధికారిక లెక్కల్లోనే సుమారు పది వేలు. సొర్లగొంది లాంటి ఊళ్లు దాదాపు తుడిచిపెట్టుకుపోయాయి. ఆ లెక్కల్లో బుగ్గ సొట్ట ఉండదు. అది తెలిసినవాళ్లలో అప్పటి ఇరవై ఏళ్లవాళ్లకే ఇప్పుడు డెబ్బై దగ్గర పడుతున్నాయి.

సెలవులు దొరకవు, పిల్లలకు కోచింగులు. నిజమే, నాకూ ఉన్నాయి. అయినా ఏడాదికి ఒక్క రాత్రి దొరకదంటే ఒప్పుకోలేను. వెళ్లేటప్పుడు కూరగాయలు పట్టుకెళ్లండి, పొయ్యి దగ్గరికి మీరే వెళ్లండి. ఏసీ లేదని లాడ్జిలో దిగకండి. ఫోన్‌లో రికార్డు చేయాలనుకుంటే ముందు అడగండి. చెప్పడానికి మనసొప్పని సంగతుంటే వదిలేయండి, గుచ్చి గుచ్చి అడగొద్దు. బడుల వాళ్లకూ ఒక విన్నపం. సెలవుల ప్రాజెక్టంటే థర్మోకోల్ బొమ్మలే కానక్కర్లేదు. ఇంటి పెద్దల చిన్ననాటి సంగతులు నాలుగు పేజీలు రాసుకురమ్మనండి.

కనుమ నాడు కాకైనా కదలదని మన పెద్దలు ప్రయాణాలు పెట్టుకోనిచ్చేవారు కాదు. ఈ సంక్రాంతికి మేం ఆ మాట పట్టుకుని కోడూరులో అత్త వాళ్ల బావగారింట్లో ఉంటున్నాం, ముక్కనుమ నాడే బయల్దేరతాం. ఆయనకు ఎనభై దాటాయి. అత్త తన అత్తగారిని చూసింది ఏడాదిలోపే. ఆయన ఆవిడ పెద్దకొడుకు. మా అమ్మాయి ఇప్పట్నుంచే ప్రశ్నలు రాసుకుంటోంది. మొదటిది, ఆ పులుసు ఆవిడకు ఎవరు నేర్పారని.