కోతలు ముగిశాకే అసలు ముప్పు
- మామిడి తోటల ఇళ్ల వద్ద పాములకు చోటిస్తున్న చెత్త

నూజివీడు: మామిడి కోతలు ముగిసే వేళకు తొలకరి వస్తుంది. దానితోపాటే పాముల సంచారమూ పెరుగుతుంది. నూజివీడు ప్రాంతంలో తోటల్లో కాపురముండే కుటుంబాలకు ఈ రెండు కాలాలు కలిసిరావడమే చిక్కు. బంగినపల్లి, రసాల కాయలను మాగవేసేందుకు తెచ్చిన వరిగడ్డి, ఖాళీ పెట్టెలు, కత్తిరించిన కొమ్మలు ఇంటి పక్కనే మిగిలిపోతే అందులో ఎలుకలు చేరతాయి. వాటి వెంట నాగుపాములు వస్తాయి. రక్తపింజర ఎండుటాకుల్లో కలిసిపోయి కంటికి ఆనదు. కట్లపాము రాత్రివేళ ఇళ్లలోకి వచ్చి నేలపై నిద్రించేవారిని కాటేస్తుంది. నొప్పి అంతగా లేక కొందరు కాటును గుర్తించలేరు.

సగం మరణాలు వానాకాలంలోనే

2000-2019 మధ్య దేశంలో పాముకాటుకు దాదాపు 12 లక్షల మంది మరణించారని 2020లో వెలువడిన అధ్యయనం అంచనా వేసింది. వీటిలో సగం జూన్-సెప్టెంబరు మధ్య సంభవించినవే. మరణాలు అధికంగా ఉన్న ప్రాంతాల్లో తెలంగాణతో కలిపి ఆంధ్రప్రదేశ్ ఉంది. నూజివీడు కృష్ణా జిల్లాలో ఉన్న రోజుల్లో, 2018 ఆగస్టులో, అదే జిల్లాలోని దివిసీమలో వందమందికి పైగా పాముకాటుకు గురయ్యారు. మోపిదేవిలో సర్పశాంతి యాగం కూడా జరిపించారు.

మందుల కంటే శుభ్రతే మేలు

పెరట్లో కార్బాలిక్ ఆమ్లం ఉంచడం, వెల్లుల్లి రసం చల్లడం వంటివాటితో పాములు రావనేందుకు గట్టి ఆధారం లేదు. పైగా ఆ ఆమ్లం తగిలితే చర్మం కాలుతుంది. ఇంటి చుట్టూ కొంతమేర గడ్డీ పొదలూ లేకుండా ఊడ్చి ఉంచడం, కప్పును తాకే కొమ్మలు కొట్టివేయడం, వంటచెరకును దూరంగా ఎత్తయిన అరుగుపై పేర్చడం, ఎలుకల కలుగులు పూడ్చడం, తూములకు జాలీ బిగించడం ఫలితమిస్తాయి. కోళ్లగూడు, ధాన్యం బస్తాలు పడకకు దూరంగా ఉండాలి. మంచంపై దోమతెర కట్టుకుని పడుకోవడం మరో రక్షణ.

తోట మొత్తాన్ని ఊడ్చివేయనవసరం లేదు. రాలిన ఆకులు నేలలో తేమను నిలుపుతాయి. ఎలుకలను తినే జెర్రిపోతు రైతుకు మేలే చేస్తుంది. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం పాములకు రక్షణ కల్పిస్తోంది. తోటకూ ఇంటికీ మధ్య శుభ్రమైన హద్దు ఉంటే చాలు.

బాధ్యత ఎవరిది?

గుత్తకిచ్చిన తోటలో కోతలతో వ్యాపారి పని ముగుస్తుంది. యజమాని ఊళ్లో ఉంటాడు. మిగిలిన గడ్డీ, పెట్టెల మధ్య ఉండేది కాపలా కుటుంబమే. వాటి తరలింపు ఎవరి వంతో గుత్త ఒప్పందంలోనే రాసుకుంటే ఈ సమస్య చాలావరకు తీరుతుంది. పాముకాటు మరణాలను 2030 నాటికి సగానికి తగ్గించాలని కేంద్రం 2024లో జాతీయ ప్రణాళిక ప్రకటించింది. కాటుపడితే గాయాన్ని కోయకుండా, బిగించి కట్టకుండా, కాటుపడిన భాగాన్ని కదపకుండా 108 వాహనంలో ఆసుపత్రికి చేర్చాలి. విరుగుడు మందు దొరికేది అక్కడే. అయితే ఆ అవసరం రాకుండా చేసే పని మాత్రం తొలి వానకు ముందే, పెరట్లోనే మొదలు కావాలి.