కీలెరిగి బిగువు

ఐటీఐలో ఫిట్టర్ ట్రేడ్ పిల్లలకు తాళం తీయడం నేర్పిద్దామని నేనంటే, తోటి ఇన్‌స్ట్రక్టర్ ఒకాయన "దొంగ చేతికి తాళాలిచ్చినట్టుంది మాస్టారూ మీ వరస" అని కొట్టిపారేశాడు. రిటైరయ్యాక కూడా నా మాట అదే. నేర్పాల్సిందే.

ఇప్పుడు ఫ్లాట్లలో తాళంచెవి లోపల, మనిషి బయట ఉండిపోతే ఏం జరుగుతోంది? ఫోన్ చేస్తే వచ్చినవాడు సంచిలోంచి ముందు తీసేది డ్రిల్లు. గుమ్మంలో ఇత్తడి రజను రాలుతుంది, కొత్త సిలిండర్ బిల్లు చేతికొస్తుంది. మా పక్క వాటాలో ఈమధ్య అచ్చంగా ఇదే అయింది. ఆ కుర్రాణ్ణి తప్పుపట్టను. పిన్నుల్ని తోసే సన్నటి పనిముట్టు, అదే పిక్కు, పట్టడం వాడికి వచ్చు. రెండో చేత్తో ఏం చెయ్యాలో ఎవరూ చెప్పలేదు, అంతే.

పనితనమంతా ఆ రెండో చేతిలోనే ఉంది. లైనస్ యేల్ జూనియర్ 1860లలో పేటెంటు తీసుకున్న పిన్ను తాళం పెద్దగా మారకుండానే మన గుమ్మాల్లోకి వచ్చింది. తాళంచెవి దూరే ఇత్తడి ముక్కను ప్లగ్ అంటారు. అందులో పిన్నుల కోసం వేసిన బెజ్జాలు డ్రాయింగులో ఒకే గీత మీద ఉంటాయి, లోహంలో మాత్రం వెంట్రుకవాసి అటో ఇటో పడతాయి. కాబట్టి రెండో చేత్తో ప్లగ్‌ను కాస్త తిప్పి పట్టుకుంటే పిన్నులన్నీ ఒక్కసారే బిగుసుకోవు, ఒకటే ముందు బిగుస్తుంది. దాన్ని కావలసినంతే తోస్తే ప్లగ్ పిసరంత కదిలి, ఆ బెజ్జంలోని జంట పిన్నుల్లో బయటిదాన్ని అక్కడే ఆపేస్తుంది. తర్వాత ఇంకోటి. టాలరెన్స్ గురించి బోర్డు మీద ఎంత గీసినా తలకెక్కనిది ఇక్కడ వేలికే తెలిసిపోతుంది.

మరి తిప్పే రేకు ఎక్కడ ఆనించాలి? కొత్తవాళ్లు పెట్టేది పిన్నుల్లేని వైపు. ఎల్ ఆకారంలో వంచిన రేకు తేలిగ్గా దూరుతుంది, పొడుగు కాడ కాబట్టి వేలి కింద స్ప్రింగులా ఆడుతుంది. చిక్కల్లా అసలే ఇరుకైన సందులో సగం చోటు అదే తినేస్తుంది. పిక్కు దాన్ని రాసుకుంటూ పోతుంటే తగిలింది పిన్నో రేకో అర్థం కాదు. లోపలి పిన్నును ఎక్కువ దూరం తోయాల్సి వచ్చిందా, పిక్కు తిరగడానికి చోటే ఉండదు.

రెండో చోటు పిన్నులున్న వైపే, మొదటి పిన్నుకు ముందు, సందు మూతి అంచులో. పొట్టి చదును రేకు కావాలి. అది మొదటి పిన్నుకు తగలకూడదు. వదులైతే జారిపోతుంది గనక ఆకురాయితో మందం సరిచేసుకోవాలి. ఆ పని ఫిట్టరుకు కాక ఎవరికి చేతనవును? కుదిరిందంటే మిగతా సందంతా పిక్కుదే. నా మొగ్గు ఇటే. సందు వెడల్పుగా ఉన్న తాళాలకు మాత్రం మొదటి పద్ధతి చాలు, పట్టింపు అక్కర్లేదు.

"పైన", "కింద" అని మాత్రం నేర్పకండి. తాళంకప్పల్లో పిన్నులు సాధారణంగా ఒక పక్కకు ఉంటాయి, ఫ్లాటు తలుపుల సిలిండర్లలో ఎక్కువగా కింది వైపు. ఎటు పెట్టినా రేకు ప్లగ్‌ను దాటి బయటి ఒంటికి ఆనితే గోడను నెట్టినట్టే. బలం ఎంతంటే, గోరు తెల్లబడిందా, ఎక్కువైనట్టు. కొన్ని తాళాల్లో నడుం సన్నగా ఉండే పిన్నులు వేస్తారు. ప్లగ్ కొంచెం తిరిగి, వచ్చేసినట్టే అనిపించి ఆగిపోతుంది. అప్పుడా పిన్నును తోస్తే ప్లగ్ మన వేలినే వెనక్కి నెడుతుంది. నెట్టనివ్వాలి. మొండికేస్తే తాళమే గెలుస్తుంది.

లీవర్ల కప్పల సంగతి వేరు. అక్కడ బిగువు నేరుగా గడియ మీద పడాలి. వంచిన తీగ కొస గడియ గాడిని పట్టుకుంటే, రెండో తీగ బిగుసుకున్న లీవరును వెతుక్కుంటుంది. 1851లో లండన్ మహా ప్రదర్శనకు వచ్చిన అమెరికన్ ఆల్ఫ్రెడ్ చార్లెస్ హాబ్స్ ఈ కిటుకుతోనే చబ్ వారి డిటెక్టర్ తాళాన్ని అర్ధగంట లోపు తీశాడు. తీసినవారికి 200 గినీలిస్తామని బ్రామా తాళాల కొట్టు కిటికీలో ఏళ్ల తరబడి సవాలు విసురుతూ కూర్చున్న తాళం మీద 16 రోజుల్లో 51 గంటలు పనిచేసి, దాన్నీ తెరిచాడు. లోగుట్టు బయటపెడితే దొంగలు నేర్చుకుంటారని అప్పుడూ గగ్గోలే. జరిగిందేమిటంటే హాబ్స్ తానే కొత్త తాళం చేశాడు. గడియను ఎవరైనా నొక్కిపెడితే ఆ ఒత్తిడి లీవర్ల దాకా రాకుండా పక్కనున్న కదలని పిన్ను మీదికి మళ్లిపోయేలా అమర్చాడు. బిగువు ఎక్కడ పడుతుందో తెలిసినవాడికే దాన్ని ఎటు మళ్లించాలో తట్టింది.

ఇక దొంగల భయం. ఏ పత్రికైనా జిల్లా పేజీ తీసి చోరీ వార్తలు చూడండి. "తాళాలు పగలగొట్టి" అనే ఉంటుంది. ఇనుప రాడ్డు చేతిలో ఉన్నవాడు గోరు రంగు చూసుకుంటూ కూర్చుంటాడా?

ఫిట్టర్ కోర్సులో ఒక పక్షం రోజులు దీనికివ్వండి. సిలిండర్ పక్కను కోసి పిన్నులు కనబడేలా చేయడంతో మొదలుపెట్టించండి. తాళం తనదైనా కావాలి, సొంతదారు ఎదుట నిలబడైనా ఉండాలి అన్న నియమం మొదటి రోజే చెప్పండి. ఇంటికెళ్లి తీసేటప్పుడు గుర్తింపు కార్డు చూడటం, పక్కింటివాళ్లను పిలిచి నిలబెట్టడం కూడా పాఠంలో భాగమే. ఖర్చుకు జంకనక్కర్లేదు. పారేసే కారు వైపర్ బ్లేడ్లు ఏ మెకానిక్ షెడ్డులో అడిగినా ఇస్తారు, వాటి రబ్బరులో ఉండే సన్నటి స్టీలు పట్టీ కంటే మంచి రేకు దొరకదు. వైసు, ఆకురాయి వర్క్‌షాపులో ఉండనే ఉన్నాయి.